మత్తు మీద అవగాహనకి కుర్రాళ్ల బృందాన్ని కాలేజీకి పిలుద్దామనుకుంటున్నారా? మా అనుభవం చదవండి

ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా వివరంగా రాస్తాను. ఇప్పుడు ఊరూరా ఇలాంటి యువబృందాలు తయారయ్యాయి. ప్రభుత్వం కూడా ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అని ప్రచారం చేస్తోంది, కాలేజీల్లో ఈగల్ (రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్యాల నిరోధక విభాగం) క్లబ్బులు పెట్టమంటోంది. దాంతో ప్రతి ప్రిన్సిపాలూ ఎవరో ఒకర్ని పిలిచి ఒక గంట కార్యక్రమం చేయించి చేతులు దులుపుకుంటున్నారు. ఎవర్ని పిలవాలి, పిలిచాక ఏం అడగాలి అన్నది ఎవరూ రాయడం లేదు.

నేను విశాఖ శివార్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మా దగ్గరికి వచ్చిన బృందం పేరు ఇక్కడ పెట్టడం లేదు. వాళ్లలో కొందరి ఇళ్లలో తాగుడు చేసిన నష్టం ఇంకా పచ్చిగానే ఉంది, పేరు రాస్తే మా చుట్టుపక్కల వాళ్లు ఎవరెవరో ఇట్టే గుర్తుపట్టేస్తారు. డిగ్రీ పిల్లలు, ఇంజినీరింగ్ పిల్లలు, ఒక నర్సింగ్ అమ్మాయి, మందుల షాపులో పనిచేసే కుర్రాడు, ఆటో నడిపే అబ్బాయి, అందరూ పాతికేళ్ల లోపు వాళ్లే. శనాదివారాలు తిరుగుతారు. డబ్బులు తీసుకోరు, మధ్యాహ్నం భోజనం పెడితే తింటారు, అంతే.

మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జూన్ 26 వచ్చిందంటే మన కాలేజీల్లో ఏం జరుగుతుందో తెలిసిందే కదా. బ్యానరు, ర్యాలీ, మానవహారం, స్టేజీ మీద ఒక అతిథి, చెయ్యి చాపి ప్రతిజ్ఞ, ఫొటో. పిల్లలు ఎండలో నిలబడి నిలబడి, ఎప్పుడు వదులుతారా అని చూస్తుంటారు. మా ప్రిన్సిపాల్ గారు కూడా మొదట అదే అడిగారు, మెయిన్ రోడ్డు దాకా ర్యాలీ పెడదాం, పేపర్ వాళ్లని పిలుద్దాం అని. బృందం వాళ్లు ఫోన్లోనే వద్దన్నారు. నలభై మందికి మించకుండా ఒక గది ఇవ్వండి, మైకు అక్కర్లేదు, బెంచీలు పక్కకి జరిపితే చాలు, మిగతా సెక్షన్లకి మళ్లీ మళ్లీ వస్తాం అన్నారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

తర్వాత వాళ్లు అడిగిన ప్రశ్న విని స్టాఫ్ రూంలో అందరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. “సార్, మేం వెళ్లిపోయాక ఒక పిల్లాడు మీ దగ్గరికి వచ్చి, నేను అలవాటు పడ్డాను, మానలేకపోతున్నాను అంటే మీ కాలేజీ ఏం చేస్తుంది? టీసీ చేతిలో పెడతారా?” నిజం చెప్పాలంటే చాలా కాలేజీల్లో జరిగేది అదే. పేరు పోతుందని, అడ్మిషన్లు తగ్గుతాయని గుట్టుగా టీసీ ఇచ్చి పంపేస్తారు, ఆ పిల్లాడు ఇంకో కాలేజీలో అదే పని చేస్తాడు. సాయం అడిగినందుకు ఎవరినీ బయటికి పంపం అని మీరు పిల్లల ముందు చెబితేనే వస్తాం అన్నారు బృందం వాళ్లు. ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, ఆ మాట నోటీసు బోర్డులో పెట్టించారు. ఇంత చిన్న వయసు వాళ్లు ఒక మేనేజ్‌మెంటు చేత ఈ మాట అనిపించారంటే, నా దృష్టిలో సగం పని సెషన్ మొదలవకముందే అయిపోయింది.

ఇక సెషన్ సంగతి. లెక్చరర్లు గదిలో ఉండకూడదన్నారు. పిల్లలు ఒప్పుకుంటే ఒక్కరు వెనక కూర్చోవచ్చన్నారు, నన్ను ఒప్పుకున్నారు. ముందు అందరికీ ఒకే రకం కాగితం ముక్కలు, ఒకే రంగు పెన్నులు ఇచ్చారు. చేతిరాత గుర్తుపడతారని భయం ఉంటే పెద్దక్షరాల్లో రాయమన్నారు. ప్రశ్న లేనివాళ్లు కూడా ‘ప్రశ్న లేదు’ అని రాసి మడత పెట్టాలి, అప్పుడు ఎవరు రాశారో ఎవరు రాయలేదో తెలియదు. ఎంత చిన్న ఏర్పాటు, ఎంత ఆలోచించి పెట్టారు! అట్టపెట్టెలో పడ్డ చీటీలు నర్సింగ్ అమ్మాయి ఒక్కొక్కటే తీసి చదివింది.

“గంజాయి మొక్కే కదా, మొక్క మందే కదా, సిగరెట్ కంటే మంచిది అంటున్నారు నిజమా?” ఇది మొదటి చీటీ. బోటనీ చెప్పే మనిషిగా నేనే లేచి మాట్లాడాలనిపించింది, ఆపుకున్నాను. ఆ అమ్మాయి చాలా చక్కగా చెప్పింది. ఉమ్మెత్త కూడా మొక్కే, గన్నేరు కూడా మొక్కే, అవి తింటారా అంది. గంజాయి అంటే చట్టం ప్రకారం ఆ మొక్క పూత, అందులో ఉండే రసాయనం మెదడు మీద పనిచేస్తుంది, మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది కాబట్టి మన వయసులో దెబ్బ ఎక్కువ అని చెప్పింది. తాగిన ప్రతివాడూ పిచ్చివాడైపోతాడని మాత్రం అనలేదు. పెద్దయ్యాక మొదలుపెట్టిన వాళ్లతో కలిపి చూస్తే సుమారు పది మందిలో ఒకరు దానికి బానిసవుతారు, టీనేజీలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు, ఆ ఒక్కరు ఎవరన్నది ముందుగా చెప్పే టెస్టు ఏదీ లేదు అంది. గదిలో చప్పుడు లేదు. పిల్లలు లెక్క వేసుకుంటున్నారు, బెంచీకి ఎంతమంది కూర్చున్నామని.

ఈ పద్ధతి ఎందుకు ముఖ్యమో రెండు మాటలు చెప్పాలి. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అని ఒక కార్యక్రమం మొదలైంది, పోలీసులు క్లాసుకి వచ్చి డ్రగ్స్ వద్దు అని చెప్పడం. దేశమంతా పాకింది. తర్వాత ఏళ్ల తరబడి పరిశోధనలు చేసి చూస్తే, ఆ పాఠం విన్న పిల్లలకీ విననివాళ్లకీ వాడకంలో తేడా దాదాపు లేదని తేలింది, చివరికి పాఠమే మార్చుకోవాల్సి వచ్చింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తెచ్చిన నివారణ ప్రమాణాల్లో (2018లో రెండో కూర్పు వచ్చింది) కూడా ఇదే ఉంటుంది: ఉపన్యాసాలు, భయపెట్టడం, ఒకప్పుడు వాడినవాళ్లని స్టేజీ ఎక్కించి కథ చెప్పించడం పనిచేయవు, కొన్నిసార్లు ఎదురు తిరుగుతాయి. పిల్లలతో మాట్లాడించడం, వద్దనడం సాధన చేయించడం, ‘అందరూ తాగుతున్నారు’ అన్న అపోహ పోగొట్టడం, విడతలు విడతలుగా మళ్లీ రావడం, ఇవి పనిచేస్తాయి. పుర్రె బొమ్మల పోస్టర్లు అంటించి మన బాధ్యత అయిపోయిందనుకునే వాళ్లందరూ ఇది ఒకసారి ఆలోచించాలి.

సాధన చేయించడం అన్నాను కదా, అది కళ్లారా చూశాను. ఆటో నడిపే అబ్బాయి హాస్టల్ టెర్రస్ మీద సీనియర్‌లా నిలబడ్డాడు. ఎదురుగా మా సీఈసీ కుర్రాడు, మామూలుగా క్లాసులో నోరు విప్పడు.

“ఏట్రా, ఒక్క దమ్ము. ఏమవుద్ది?”

“వద్దన్నా.”

“ఎందుకు వద్దు? భయమా? అమ్మ కొడుకువా?”

కుర్రాడు ఆగిపోయాడు. నవ్వులు. బృందంలో ఒకమ్మాయి వెంటనే ఆపి, నవ్విన వాళ్లని ఏమీ అనకుండా, “ఇప్పుడు ఇక్కడ ఏం జరిగింది? వద్దన్న మాట వాడు అనగలిగాడు, ‘ఎందుకు’ అన్న మాట దగ్గర ఇరుక్కున్నాడు. ఎందుకు అని అడిగితే జవాబు చెప్పాలని రూలుందా?” అంది. మళ్లీ చేయించారు. ఈసారి కుర్రాడు “వద్దన్నా, నేను వెళ్తున్నా, నువ్వు కూడా కిందికి రా, టీ తాగుదాం” అని తిరిగి నడిచాడు. మూడోసారి పాత్రలు మార్చి, బలవంతపెట్టే సీనియర్‌గా వాడినే పెట్టారు. అప్పుడు ఆ కుర్రాడు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది: ఎదుటివాడు వాదిస్తే ఇంకా ఇంకా అడగాలనిపిస్తోంది, నడిచి వెళ్లిపోతే ఏం చేయాలో తెలియడం లేదు అన్నాడు. ఇది ఏ పుస్తకంలో చదివినా అంత బాగా ఎక్కదు. పుట్టినరోజు పార్టీ, కజిన్ పెళ్లి, బీచ్ రోడ్డు, బస్సు ఎక్కే ముందు బ్యాగు ఇచ్చే అపరిచితుడు, ఇలా ఒక్కో సందర్భం పెట్టి చేయించారు.

ఆ బ్యాగు సంగతి మా ప్రాంతానికి ప్రత్యేకం. ఏజెన్సీ నుంచి కిందికి సరుకు దిగుతుందని మాకు తెలియనిది కాదు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని ఏడు వేల ఎకరాలకి పైగా తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోలు ఒక్కచోట పోసి తగలబెట్టారు. అయినా కాలేజీ కుర్రాళ్లకి ‘ఈ బ్యాగు చెన్నై చేర్చు, ఐదు వేలు ఇస్తాం’ అనే వాళ్లు ఉన్నారు. బృందం ఇక్కడ చట్టం చాలా సూటిగా చెప్పింది. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్డీపీఎస్) కింద గంజాయి కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా లేదా రెండూ. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అంటారు, అప్పుడు కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా వేయొచ్చు, కనీసం లక్ష జరిమానా, బెయిలు కూడా తేలిగ్గా రాదు. బ్యాగు నాది కాదు, లోపల ఏముందో తెలియదు అంటే సరిపోదు, తెలియదని నువ్వే నిరూపించుకోవాలి. ఇంటర్ పిల్లాడికి పదేళ్లంటే ఏమిటో వాళ్లు వివరించాల్సిన అవసరం రాలేదు.

దాంతోపాటే ఇంకో మాట చెప్పారు, ఇది ఎవరూ చెప్పరు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటు పడి, వాడినందుకో కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసులో ఉన్నవాళ్లు, తామే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం తీసుకుంటామంటే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. అంటే చట్టం కూడా అలవాటు పడ్డవాణ్ని రోగిగా చూసే దారి ఒకటి ఉంచింది. తల్లిదండ్రుల్లో చాలామంది ‘డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పోలీసులకి చెబుతారు’ అనే భయంతోనే దాచిపెడతారు. ఈ ఒక్క మాట తెలిస్తే ఎన్ని ఇళ్లు బాగుపడతాయో!

నంబర్ల విషయంలోనూ మంచి పని చేశారు. పిల్లల దగ్గర కాలేజీలో ఫోన్లు ఉండవు కాబట్టి ఐడీ కార్డు వెనక స్టిక్కర్ అంటించారు. వైద్యం, కౌన్సెలింగ్ కోసం 14446. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. ఎక్కడైనా అమ్ముతుంటే మన రాష్ట్రంలో ఈగల్ వాళ్ల 1972, తెలంగాణలో అయితే 1908, దేశం మొత్తానికి 1933. ఏది సాయానికి, ఏది ఫిర్యాదుకి అన్నది రెండు రంగుల్లో వేరు చేశారు. ఇది చాలా అవసరం, ఎందుకంటే స్నేహితుణ్ని కాపాడాలనుకున్న పిల్లాడు పొరపాటున ఫిర్యాదు నంబరుకి చేస్తానేమో అని భయపడి అసలు చేయడమే మానేస్తాడు.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు ఆ తగ్గిన ఒక్క మార్కు.

మొదటిది, నాటిక. సెషన్ అయ్యాక గ్రౌండ్‌లో అందరికీ కలిపి వీధినాటిక వేశారు. అందులో తాగుబోతు తండ్రి పాత్ర ఉంది. తూలుతూ వస్తాడు, లుంగీ జారిపోతుంది, భార్యని అడ్డదిడ్డంగా తిడతాడు, జనం పడీ పడీ నవ్వుతారు. ఆడిన కుర్రాడు బాగా ఆడాడు, కాదనను. కానీ నేను నాటిక చూడటం మానేసి పిల్లల్ని చూశాను. మూడో వరుసలో ఒక అమ్మాయి తల దించేసి, వేలితో మట్టిలో గీతలు గీస్తూ కూర్చుంది, నాటిక అయ్యేదాకా తల ఎత్తలేదు. ఇంకో కుర్రాడు మంచినీళ్ల వంకతో లేచి వెళ్లిపోయాడు. మా పిల్లల్లో సగం మందికి పైగా కూలీ పనులు చేసుకునే ఇళ్ల నుంచి వస్తారు. సాయంత్రమైతే ఇంట్లో ఆ లుంగీ మనిషి నిజంగానే వస్తాడు, అక్కడ నవ్వు ఉండదు. ఉదయం చీటీల్లో ఒకటి ఏముందో తెలుసా? “మా నాన్న తాగొచ్చి అమ్మని కొడతాడు, నేను ఏం చెయ్యాలి?” ఆ చీటీకి వాళ్లు ఎంతో ఓపిగ్గా, మెల్లగా జవాబు చెప్పారు. నాన్న తాగడం నీ తప్పు కాదు, ఆపడం నీ బాధ్యత కూడా కాదు, ఆ సమయంలో నువ్వు, తమ్ముడు ఎవరింటికి వెళ్లి కూర్చోగలరో ముందే అనుకోండి, నమ్మకమున్న ఒక పెద్దమనిషికి చెప్పు, పిల్లల కోసం 1098 ఉంది అని చెప్పారు. అంత బాగా మాట్లాడిన బృందమే మధ్యాహ్నం అదే పిల్లాడి ముందు అదే తండ్రిని నవ్వులాట చేసింది. నాటిక అయ్యాక నేను వాళ్లకి ఈ మాట చెప్పాను. వాదించకుండా విన్నారు, నోట్ చేసుకున్నారు. తర్వాత వేరే కాలేజీలో ఆ పాత్ర తీసేసి, తండ్రి తాగొచ్చాడని తెలిసి ఇంటికి వెళ్లలేక బస్‌స్టాప్‌లో కూర్చున్న పిల్లాడితో స్నేహితుడు ఎలా మాట్లాడతాడు అన్న సన్నివేశం పెట్టారని విన్నాను. మీ దగ్గరికి వచ్చే బృందం ఏదైనా సరే, నాటిక ముందు మీరు చూసి ఒప్పుకోండి.

రెండోది, కథ చెప్పిన కుర్రాడు. ఇతను బృందంలో శాశ్వత సభ్యుడు కాదు, ఆ రోజుకి తీసుకొచ్చారు. గంజాయి నుంచి బయటపడ్డ మనిషి, మనసున్న మనిషి, ధైర్యంగా నిలబడ్డాడు, గౌరవం ఉంది నాకు. కానీ చెప్పిన ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఎక్కడ కొన్నాం, ఎలా దాచాం, బైకుల మీద ఎలా తిరిగాం అనే సాహసాలే. మానడం ఎలా జరిగింది, డాక్టర్ ఏం చేశాడు, ఎన్నిసార్లు మళ్లీ జారిపోయాడు అన్నవి చివర్లో హడావిడిగా అయిపోయాయి. వెనక బెంచీల్లో కొందరి కళ్లు మెరవడం చూశాను. ఇలాంటి కథలు ఎదురు తిరుగుతాయని ప్రమాణాల్లో రాసింది ఊరికే కాదు. అతను తల్లిదండ్రుల మీటింగులో మాట్లాడి ఉంటే ఎంతో ఉపయోగం ఉండేది, అక్కడ కావలసింది ఆశ.

మూడోది, చిన్నపిల్లల మత్తు గురించి ఒక్క మాట కూడా లేదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించిన సర్వే బయటికి వచ్చింది. అందులో పీల్చే మత్తు, అంటే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి, పెద్దవాళ్లలో 0.58 శాతం మంది వాడితే పిల్లల్లో 1.17 శాతం. పెద్దవాళ్లకంటే పిల్లలే ఎక్కువగా వాడే మత్తు ఇదొక్కటే. స్టేషన్ల దగ్గర, ఫ్లైఓవర్ల కింద గుడ్డలో పోసుకుని పీల్చే పిల్లల్ని మనం రోజూ చూస్తూ దాటిపోతుంటాం. వేప్‌ల (ఈ-సిగరెట్ల) గురించి కూడా అరకొరగా చెప్పి వదిలేశారు. 2019 నుంచి ఈ-సిగరెట్లు దేశంలో నిషేధం, అయినా పెన్‌డ్రైవ్‌లా ఉండే వాటిని పిల్లలు పెన్సిల్ బాక్సులో పెట్టుకుంటున్నారు, మా స్టాఫ్‌లో సగం మందికి చూపిస్తే అదేమిటో తెలియలేదు.

ఫాలో అప్ కూడా బలహీనమే. పదిమంది పిల్లల్ని ఎంచి పీర్ లీడర్లు అన్నారు, వాట్సాప్ గ్రూపు పెట్టారు, కొన్నాళ్లకి అందులో గుడ్ మార్నింగులే మిగిలాయి. పరీక్షల సీజన్లో బృందం పిల్లలకి వాళ్ల పరీక్షలు కూడా ఉంటాయి, ఆ ఇబ్బంది అర్థమవుతుంది. కానీ ఒక పిల్లాడు మాట్లాడదామని ఫోన్ చేస్తే రెండు రోజులు ఎవరూ ఎత్తలేదు. ఈ పనిలో రెండు రోజులంటే ఎక్కువ. ఫోన్ పట్టుకునే బాధ్యత ఒకరికి కాకుండా వారానికొకరికి చొప్పున పంచుకోవాలని నా సలహా.

ఇప్పుడు తల్లిదండ్రుల మీటింగు, దాని గురించి కాస్త ఎక్కువే రాయాలి. ఆదివారం సాయంత్రం పెట్టారు. తల్లులు నిండుగా వచ్చారు, తండ్రులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. గంజాయి గురించి నేర్చుకుందామని వచ్చినవాళ్లు కాసేపటికి మొగుళ్ల మందు గురించి అడగడం మొదలుపెట్టారు. అదే అసలు విషయం మరి. ఆ సర్వేలోనే మందు తాగేవాళ్లు 14.6 శాతం, అంటే 16 కోట్ల మంది. గంజాయి కంటే ఎన్నో రెట్లు. చాలా బృందాలు డ్రగ్స్ అని గొంతు చించుకుంటాయి, మందు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తాయి, ఎందుకంటే మందు షాపు లైసెన్సుతో నడుస్తుంది, ఎవరికీ ఇబ్బంది పెట్టాలని ఉండదు. ఈ బృందం మాట మార్చలేదు. మన రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదని, పిల్లలకి మందో డ్రగ్సో పొగాకో ఇచ్చినవాళ్లకి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉందని, బడికి వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని చెప్పారు. పండక్కి కొడుకు చేతికి గ్లాసు ఇచ్చే మేనమామలకి కూడా ఇది వర్తిస్తుందా అని ఒకావిడ అడిగింది. వర్తిస్తుందమ్మా అంది నర్సింగ్ అమ్మాయి.

ఇంకొకావిడ పర్సులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. గోడ మీద అంటించిన ప్రకటనట, ‘తాగేవారికి తెలియకుండా కూరలో కలిపి పెట్టండి, మందు మానేస్తారు’ అని. కొనాలా వద్దా అని అడిగింది. ఇక్కడ మందుల షాపు కుర్రాడు చాలా గట్టిగా మాట్లాడాడు. “వద్దు పిన్నీ, అందులో ఏముందో మనకి తెలీదు. డైసల్ఫిరామ్ అని ఒక మాత్ర ఉంది, అది డాక్టరు రాయాలి, తాగే మనిషికి తెలిసి, ఒప్పుకునే వేసుకోవాలి. తెలియకుండా కలిపితే, ఆయన దాని మీద తాగితే, బీపీ పడిపోవచ్చు, గుండె ఆగిపోవచ్చు.” ఆవిడ ఆ కాగితాన్ని చించి పారేయలేదు, మళ్లీ మడిచి లోపల పెట్టుకుంది. అంత ఆశ ఉంది దాని మీద. అది చూసి అతను ఆవిడ పక్కనే కూర్చుని, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ని ఏ రోజు కలవాలి, ఏం చెప్పాలి, ఆయన రానంటే ముందు మీరొక్కరే వెళ్లి మాట్లాడొచ్చు అని కాగితం వెనక రాసిచ్చాడు.

అలాగే ఇంకో ప్రాణం నిలబెట్టే మాట చెప్పారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించొద్దు. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకు, చెమటలు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిస్థిమితం తప్పి ఏవేవో కనిపించడం, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మందులిచ్చి ఆపాలి. తెలంగాణలో మత్తుమాత్రల పొడి కలిపిన కల్లుకి అలవాటు పడినవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది, కల్లు దొరకని రోజున ఆసుపత్రుల్లో చేరేవాళ్ల వార్తలు మనం చదివినవే. మాలలు వేసుకునే సీజన్లో మానేయాలనుకునేవాళ్లు కూడా ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

ఆ మీటింగులో ఒక పెద్దావిడ లేచి, నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం గుర్తు చేసింది. ఆవిడ పుట్టిల్లు ఆ వైపే. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా వేలం పాటలు ఆపించారని, చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కారని, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందని, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో ఎత్తేశారని గడగడా చెప్పింది. బృందం పిల్లల్లో ఒక్కరికీ దూబగుంట పేరు తెలియదు. నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇది నాకు కొంచెం బాధ కలిగించింది. మనకి మన గడ్డ మీదే ఇంత పెద్ద పోరాటం ఉంటే, కుర్రాళ్లు మాత్రం విదేశీ వీడియోలు చూసి పాఠం తయారు చేసుకుంటున్నారు. ఆవిణ్ని తర్వాతి మీటింగుకి తమతో రమ్మని అడిగారు, ఆవిడ కూడా ఒప్పుకుంది, అది మాత్రం సంతోషం.

చివరగా వాళ్లు చేస్తున్న పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది, ఎవరూ అవగాహన అని పిలవనిది ఒకటి ఉంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మా కాలనీ పక్క ఖాళీ స్థలంలో వాలీబాల్ నెట్ కట్టారు. లైట్ల కోసం వార్డు సచివాలయం చుట్టూ తిరిగి తిరిగి రెండు స్తంభాలు వేయించుకున్నారు. ఇదివరకు ఆ చీకట్లోనే కుర్రాళ్లు గుంపుగా కూర్చునేవారు. ఐస్‌లాండ్ దేశంలో 1998లో పదిహేను పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది నెలలో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగేవారు, 2016కి అది 5 శాతానికి దిగింది. అక్కడ ఉపన్యాసాలు పెంచలేదు, పిల్లలకి సాయంత్రాలు ఆటలు, పాటలు, క్లబ్బులు పెంచారు, తల్లిదండ్రుల్ని కూడగట్టారు. మన దగ్గర ఇంటర్ కాలేజీల్లో గ్రౌండే లేదు, ఉన్నచోట స్టడీ అవర్లు పెట్టి ఆటలు తీసేశాం. ఈ విషయంలో తప్పు ఆ బృందానిది కాదు, మన కాలేజీలది. అమ్మాయిలకి ఆ నెట్ దగ్గర ఇంకా చోటు దొరకలేదు, అది బృందం పట్టించుకోవాలి. వారంలో రెండు రోజులు వాళ్లకి కేటాయిస్తామన్నారు, ఇంకా మొదలవలేదు.

మీరు పిలవాలనుకుంటే: ఫస్టియర్ పిల్లలు చేరిన మొదటి నెలలోనే పిలవండి, హాస్టల్లో స్నేహాలు కుదరకముందే. ప్రీఫైనల్స్ టైంలో పిలిస్తే ఎవరి బుర్రకీ ఎక్కదు. ఒక్క సెషన్‌కి ఒప్పుకోకండి, ఏడాదిలో కనీసం మూడు నాలుగు విడతలు మాట్లాడుకోండి. నాటిక ముందే చూడండి, అనుభవం చెప్పే అతిథిని తల్లిదండ్రుల మీటింగుకి మార్చమనండి, సొల్యూషన్ గురించీ వేప్‌ల గురించీ చేర్చమనండి, తల్లిదండ్రుల మీటింగు ఆదివారం పెట్టినా తండ్రులు రారు కాబట్టి పిల్లల చేత కాకుండా ప్రిన్సిపాల్ చేత తండ్రులకే ఫోన్ చేయించండి. మా దగ్గర ఈసారి అలాగే చేస్తున్నాం, సెకండ్ విడత దసరా సెలవుల తర్వాత పెట్టుకున్నాం.